చేతిలో వస్తువు నేరమైన రోజు

(శ్రీకాకుళంలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, కాలేజీ నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం. ఫ్యాన్లు తిరగడం లేదు, ఉక్కగా ఉంది, కాబట్టి ఉపోద్ఘాతం పెట్టుకోకుండా విషయంలోకి వెళ్ళిపోతాను.

సామ్రాజ్యాల కింద ఉన్న జాతులు ఎలా మేలుకున్నాయి, ఎలా స్వతంత్రం తెచ్చుకున్నాయి అన్న దాని మీద మాట్లాడమన్నారు. మామూలుగా ఈ విషయం ఎత్తుకోగానే నాయకుల పేర్లు, మహాసభలు, ఒప్పందాలు, జెండాలు వస్తాయి. నేను అటు ఎక్కువ వెళ్ళను. నన్ను చాలా ఏళ్ళుగా పట్టుకుని వదలని ప్రశ్న వేరు. పొద్దున్నే పొలానికి పోయి, సాయంత్రం ఇంటికొచ్చి, ఇంత తిని పడుకునే మనిషి ఉంటాడు కదా. ఏ రాజైతే నాకేంటి, శిస్తు కట్టక తప్పదు అనుకునే మనిషి. అలాంటివాడు ఏ రోజున, దేనివల్ల 'ఈ పాలన నాది కాదు' అనుకుంటాడు?

నాకు తోచిన జవాబు చెప్తాను. ఒప్పుకోనివాళ్ళు చివర్లో నిలదీయండి. ఉపన్యాసాలు విని జాతులు మేలుకోవు. రోజూ చేత్తో పట్టుకునే వస్తువు, రోజూ నోట పలికే మాట, తాత ముత్తాతల నుంచి నడిచిన అడవి దారి ఉన్నట్టుండి నేరమైపోయిన రోజున మేలుకుంటాయి. పుస్తకం దగ్గరుంటే నేరం. ఉప్పు చేసుకుంటే నేరం. కట్టె కొట్టుకుంటే నేరం. పాట పాడితే నేరం. నిన్నటిదాకా బతుకు అనుకున్నది ఇవాళ కేసు అయితే, ఆ మనిషికి సామ్రాజ్యం అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

బాల్టిక్ సముద్రం ఒడ్డున లిథువేనియా అని చిన్న దేశం ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో అది రష్యా చక్రవర్తి కింద ఉండేది. 1863లో అక్కడి పోలిష్, లిథువేనియన్ జనం తిరగబడ్డారు. తిరుగుబాటును అణిచేశారు. అణచడానికి వచ్చిన గవర్నర్ జనరల్ మురవ్యోవ్ అంతటితో ఆగలేదు. 1864 నుంచి లిథువేనియన్ భాషను రోమన్ అక్షరాల్లో అచ్చు వేయకూడదన్నారు. వేస్తే రష్యన్ లిపిలోనే వేయాలి. ఆ నిషేధం ఏడాదో రెండేళ్ళో కాదు, 1904 దాకా సాగింది. నలభై ఏళ్ళు. ఒక తరం పుట్టి, పెరిగి, పిల్లల్ని కనేంత కాలం.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అప్పటికి ఆ దేశంలో జమీందార్లు, చదువుకున్న కుటుంబాలు చాలావరకు పోలిష్ మాట్లాడేవి. లిథువేనియన్ రైతుల భాష. పశువుల కొట్టంలో, వంటింట్లో, చర్చిలో పాటల దగ్గర బతికిన భాష. రష్యన్ ప్రభుత్వం లెక్క ఏమిటంటే, పల్లెటూరి జనానికి అక్షరం మార్చేస్తే వాళ్ళే మారిపోతారు, అడిగేదెవరు అని. కానీ ఆ రైతుల ఇళ్ళల్లో ఒక ప్రార్థన పుస్తకం ఉండేది. అమ్మమ్మ చదివిన పుస్తకం. దాని బదులు రష్యన్ లిపిలో వేసిన పుస్తకం ఇస్తే వాళ్ళు ముట్టుకోలేదు.

అప్పుడు బిషప్ వలాంచియస్ అనే ఆయన ఒక దారి కనిపెట్టాడు. సరిహద్దుకు అవతల జర్మన్ల తూర్పు ప్రష్యా ఉంది. అక్కడ అచ్చు వేయించి, ఇటు దాటించడం. దాటించినవాళ్ళు ఎవరు? సామాన్యులు. రైతులు, కూలీలు, ఆడవాళ్ళు. గోనె సంచుల్లో, గడ్డి బండ్ల అడుగున, ఒంటికి కట్టుకుని రాత్రిపూట అడవి దారిన మోసుకొచ్చారు. దొరికితే జైలు, కొందరికి సైబీరియా ప్రవాసం. సరిహద్దు సైనికుల తుపాకులకు పోయినవాళ్ళూ ఉన్నారు. ఆ మూటల్లో ఉన్నవి విప్లవ సాహిత్యం అనుకునేరు. ఎక్కువ భాగం ప్రార్థన పుస్తకాలు, పిల్లల అక్షరాల పుస్తకాలు, ఏ నెలలో ఏం విత్తాలో చెప్పే క్యాలెండర్లు. మన ఇంట్లో మేకుకి వేలాడే పంచాంగం లాంటిది తెచ్చినందుకు మనిషిని మంచు దేశానికి పంపారంటే, ఇంక ఆ ఊరి వాళ్ళకు రాజకీయ పాఠం ఎవరు చెప్పాలి?

1883లో ఔష్రా అనే పత్రిక వచ్చింది. అదీ ప్రష్యాలోనే అచ్చయి దొంగదారిన వచ్చేది. దాన్ని నడిపినవాళ్ళలో ముఖ్యుడు బసనావిచియస్ అనే వైద్యుడు. 1918 ఫిబ్రవరి 16న లిథువేనియా స్వాతంత్ర్య ప్రకటన మీద మొదటి సంతకం ఆయనదే. పుస్తకాల మూటకీ ఆ సంతకానికీ మధ్య సూటి దారి ఉంది.

కొరియాలోనూ ఇలాంటిదే జరిగింది. జపాన్ వాళ్ళ కింద బళ్ళల్లో కొరియన్ భాష తీసేశారు, 1940లో పేర్లు కూడా జపాను పద్ధతిలోకి మార్చుకోమన్నారు. ఆ రోజుల్లో కొందరు పండితులు కూర్చుని కొరియన్ నిఘంటువు తయారు చేస్తున్నారు. ఏ ఊళ్ళో ఏ మాట వాడతారో పోగుచేస్తున్నారు. 1942లో వాళ్ళను అరెస్టు చేశారు. రాతప్రతిని సాక్ష్యంగా పట్టుకుపోయారు. ఇద్దరు జైల్లోనే చనిపోయారు. 1945లో జపాన్ ఓడిపోయాక, ఆ రాతప్రతి సియోల్ రైల్వే స్టేషన్ గోడౌన్లో దొరికింది. కోర్టు కేసు సామాను కింద పడి ఉన్న ఆ కట్టలే తర్వాత వచ్చిన పెద్ద నిఘంటువుకు పునాది. నిఘంటువు రాసినవాడు దేశద్రోహి అయిన కాలం అది.

సరే, మన ఊరికి వద్దాం. లిథువేనియాలో రిమ్షా అని ఒక శిల్పి ఉండేవాడు. 1906లో ఆయన చేసిన ఒక శిల్పంలో తల్లి రాట్నం వడుకుతూ ఉంటుంది, పక్కనే బిడ్డ పుస్తకం పట్టుకుని చదువుతుంటుంది. బడి ఉండకూడదంటే ఇల్లే బడి అయింది. ఆ శిల్పం ఫొటో చూసినప్పుడల్లా నాకు పొందూరు గుర్తొస్తుంది.

పొందూరు ఇక్కడికి దగ్గరే, మీలో చాలామందికి తెలుసు. కానీ ఆ పని దగ్గర కూర్చుని చూసినవాళ్ళు ఎంతమంది? పత్తి తెస్తారు, కొండపత్తి, పునాస పత్తి. దాన్ని శుభ్రం చేయడానికి మిషను లేదు. వాలుగ చేప దవడ ఎముక ఉంటుంది, సన్నగా వరసగా పళ్ళుంటాయి. ఆ ఎముకను చేత్తో పట్టుకుని గింజ చుట్టూ ఉన్న పత్తిని దువ్వుతారు. పోగు తెగదు, చెత్త పోతుంది. తర్వాత గింజ తీసి, దూదిని చిన్న విల్లుతో ఏకి, ఏకులు చేసి, గాలికి పాడవకుండా అరటి దొప్పలో పెట్టుకుంటారు. అందులోంచి ఒక్కొక్కటి తీసి రాట్నం మీద వడుకుతారు. 100 కౌంటు నూలు ఆ చేతుల మీద వస్తుంది. ఇదంతా చేసేది ఆడవాళ్ళు, చాలామంది పెద్దవయసు వాళ్ళు. కళ్ళు సరిగ్గా ఆనకపోయినా పోగు మందం వేళ్ళకు తెలుస్తుంది.

ఈ పనిని ఇంగ్లీషువాళ్ళు నేరం చేయలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. వాళ్ళు చేసింది ఇంకోటి. దానికి విలువ లేకుండా చేశారు. ఒకప్పుడు చికాకోల్ మస్లిన్ అంటే, అంటే మన శ్రీకాకుళం సన్నబట్ట అంటే, ఓడలెక్కి విదేశాలకు పోయిన సరుకు. లాంకషైర్ మిల్లుల బట్ట చౌకగా వచ్చి పడ్డాక నేతగాడు కూలివాడయ్యాడు. మనిషి చేతిపనిని నేరం చేయడం ఒక పద్ధతి, ఎందుకూ పనికిరానిదిగా చేయడం రెండో పద్ధతి. రెండోదాంట్లో అరెస్టులుండవు, కాబట్టి ఎదురు తిరగడానికి ఎదురుగా ఎవరూ కనబడరు. సహాయ నిరాకరణ రోజుల్లో గాంధీగారు పొందూరు బట్ట సన్నదనం చూసి ఆశ్చర్యపోయి, ఆ పని చూసి రమ్మని కొడుకు దేవదాస్‌ను ఇక్కడికి పంపారు. ఆ తర్వాత అదే రాట్నం, అదే చేప దవడ, అదే ముసలమ్మ. కానీ దాని అర్థం మారిపోయింది. నీ చేతిలో ఉన్నది పనికిరానిది కాదు, దేశం దాని మీద నిలబడి ఉంది అని ఒకరు వచ్చి చెప్పారు. ఆ మాటకు ఎంత బలం ఉంటుందో చదువుకున్నవాళ్ళం మనం సరిగ్గా అంచనా వేయలేం.

పాట సంగతి చెప్తాను. ఎస్టోనియాలో 1869లో తార్తు పట్నంలో ఊళ్ళ నుంచి గాయక బృందాలు వచ్చి పెద్ద పాటల పండగ చేసుకున్నాయి, దానితోనే తమ జాతి మేలుకుందని వాళ్ళు చెప్పుకుంటారు. అక్కడ పాట పండగైంది, ఇక్కడ కేసైంది. నరసన్నపేట దగ్గర గోనెపాడులో పుట్టిన గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరల పాలన మీద పాట కట్టి ఊరూరా పాడినందుకు 1922లో జైలుకు పోయాడు. బయటికొచ్చాక మళ్ళీ పాడాడు, మళ్ళీ వేశారు, ఈసారి ఇంకా ఎక్కువ కాలం. ఆ పాటను తెలుగు జిల్లాలన్నీ పాడుకున్నాయి. ఆయన మాత్రం 1952లో మద్రాసులో పేదరికంలో పోయాడు. స్వతంత్రం వచ్చాక ఐదేళ్ళు బతికి ఉన్న మనిషిని అలా పోనిచ్చాం. నాకది ఇప్పటికీ మింగుడు పడదు.

ఉప్పు గురించి ఒక్క మాటే. నౌపడ ఉప్పు మడులు కళ్ళెదురుగా ఉన్నవాళ్ళం మనం. సముద్రం మనది, ఎండ మనది, చెమట మనది. అనుమతి లేకుండా పిడికెడు ఉప్పు చేసుకుంటే నేరం. 1930 ఏప్రిల్ 6న గాంధీగారు దండిలో ఎందుకు ఉప్పే ఎంచుకున్నారో, ఈ తీరంలో పుట్టినవాడికి విడిగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఐర్లండు. ఈ దేశాన్ని ఎందుకు తీసుకున్నానంటే అది నేను చెప్తున్న మాటకు కొంచెం అడ్డం తిరుగుతుంది. భాష పోతే జాతి పోతుంది అంటుంటాం కదా. ఐర్లండులో భాష దాదాపు పోయింది. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు తగిలి కరువొచ్చింది. ఆ నాలుగైదేళ్ళలో సుమారు పది లక్షల మంది చనిపోయారు, ఇంకో పది లక్షలకు పైగా ఓడలెక్కి దేశం వదిలారు. ఆ కరువులోనూ ఆ దేశం నుంచి తిండి ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉంది. మనకు ఇది కొత్త కథ కాదు. 1866లో ఒరిస్సా కరువులో సుమారు పది లక్షల మంది పోయారు, దాని దెబ్బ మన గంజాం జిల్లాకూ తగిలింది. అప్పట్లో శ్రీకాకుళం గంజాం జిల్లాలోదే. ఐర్లండులో ఎక్కువ పోయింది ఐరిష్ మాట్లాడే పేద పల్లెల వాళ్ళే. మిగిలినవాళ్ళు పిల్లలకు ఇంగ్లీషు నేర్పారు, ఓడెక్కాలంటే అదే కావాలి కాబట్టి. 1893లో డగ్లస్ హైడ్ వాళ్ళు గేలిక్ లీగ్ పెట్టి భాషను లేపాలని చాలా కష్టపడ్డారు. స్వతంత్రం వచ్చింది, భాష మాత్రం జనం నోట తిరిగి నిలబడలేదు.

మరి వాళ్ళను మేల్కొలిపింది ఏమిటి? భూమి. తాతలు దున్నిన పొలంలోనే కౌలుదారు, కౌలు కట్టలేకపోతే ఇంటి కప్పు పీకి బయటికి గెంటేవారు. 1879లో ల్యాండ్ లీగ్ అని కౌలు రైతుల సంఘం వచ్చింది. మరుసటి ఏడాది మేయో అనే జిల్లాలో బాయ్‌కాట్ అనే ఒక ఏజెంటు పొలంలో పంట కోయడానికి ఒక్క కూలీ రాలేదు, కొట్లో సరుకు ఇవ్వలేదు. కర్ర ఎత్తకుండా చేసిన పోరాటం అది.

ఇక్కడ మనవాడు ఒకడు తెరమీదికి వస్తాడు. బరంపురంలో 1894లో పుట్టిన వరాహగిరి వెంకటగిరి. 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళాడు. 1916 ఏప్రిల్ 24న ఈస్టర్ సోమవారం నాడు అక్కడ తిరుగుబాటు జరిగింది. మొదట్లో డబ్లిన్ జనం తిరుగుబాటుదార్ల మీద విసుక్కున్నారు, ఊరు తగలబెట్టారని. తర్వాత సైనిక కోర్టులు పెట్టి మే 3 నుంచి 12 దాకా నాయకుల్ని వరసగా కాల్చి చంపారు. కాలికి గాయమై లేవలేని జేమ్స్ కానలీని కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. విసుక్కున్న జనమే తిరిగిపోయారు. 1918 ఎన్నికల్లో ఐర్లండుకున్న 105 సీట్లలో 73 స్వతంత్రం కోరే షిన్ ఫేన్ పార్టీకి వచ్చాయి. గిరిగారికి ఆ ఉద్యమంతో సంబంధాలున్నాయన్న అనుమానంతో 1916లోనే దేశం విడిచి పొమ్మన్నారు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు బరంపురం తిరిగొచ్చి లాయరయ్యాడు, రైల్వే కార్మికుల్లో పని చేశాడు.

బొబ్బిలి అనగానే మనకు 1757 జనవరి 24 గుర్తుకొస్తుంది. ఆ యుద్ధం కథ వింటూ పెరిగాం, రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కానీ పిల్లలూ, నా లెక్కలో బొబ్బిలి చరిత్రలో 1937 దానికి తీసిపోదు. బొబ్బిలి రాజావారు అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో ముఖ్యమంత్రి స్థానంలో ఉన్నారు, జస్టిస్ పార్టీ నాయకులు. ఆయన మీద కాంగ్రెస్ నిలబెట్టింది గిరిగారిని. ఓటు హక్కు కూడా అందరికీ లేదు, ఆస్తో చదువో ఉన్న కొద్దిమందికే. అయినా రాజావారు తన సొంత బొబ్బిలిలో ఓడిపోయారు. కోట గోడలు ఫిరంగులకు కూలిన ఊళ్ళో, జమీందారు మాట ఓటు కాగితానికి కూలింది. డబ్లిన్‌లో కౌలు రైతుల కథ చూసి వచ్చిన మనిషి ఇక్కడ జమీందారును ఓడించడం కాకతాళీయం అని నేను అనుకోను.

ఎందుకంటే ఆ ఏళ్ళలో ఈ నేల ఊరికే లేదు. ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు యాత్ర నడిచింది. 1,500 మైళ్ళు, 130 రోజులు. తొమ్మిది జిల్లాల ఊళ్ళమ్మట సభలు పెట్టుకుంటూ, అర్జీలు పోగు చేసుకుంటూ నడిచారు. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చి కంపెనీవాళ్ళు జమీందార్లను స్థిరపరిచినప్పటి నుంచి పేరుకున్న బాధలు ఆ అర్జీల్లో ఉన్నాయి.

మందస సంగతి మీకు తెలిసిందే, అయినా చెప్పకుండా దాటలేను. మందస జమీందారీ అడవిలోంచి జనం తరతరాలుగా కట్టె తెచ్చుకునేవారు. నాగలికి కర్ర, ఇంటికి దూలం, పొయ్యికి కట్టె. అది కూడదన్నారు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది, దేశం నలుమూలల నుంచి వచ్చారు. ఆ వేడి మీద రైతులు బండ్లు కట్టుకుని అడవికి పోయి కట్టె తెచ్చుకున్నారు. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురానికి పోలీసులు వచ్చారు. రైతుల్ని పట్టుకుపోతుంటే అడ్డం నిలబడింది సాసుమాన గున్నమ్మ. నిండు గర్భిణి. కాల్పుల్లో ఆమె, ఆమెతోపాటు మరికొందరు రైతులు చనిపోయారు. ఆమె ఏ పార్టీ సిద్ధాంతమూ చదివి రాలేదు. ఆమె ఇంట్లో పొయ్యి ఉంది, పొయ్యిలోకి కట్టె కావాలి. ఆ కట్టె నేరమైంది. లిథువేనియా రైతు ప్రార్థన పుస్తకానికీ గున్నమ్మ కట్టెకీ నాకు తేడా కనబడదు.

ఇక్కడితో ఆపితే అందరం చప్పట్లు కొట్టుకుని హాయిగా ఇళ్ళకు పోవచ్చు. ఇవాళ నేను వచ్చింది ఇక్కడి నుంచి చెప్పడానికే.

మేలుకున్న జాతి చేతికి అధికారం వస్తుంది. అప్పుడు అది ఏం చేస్తుంది? హంగరీని చూడండి. ఆస్ట్రియా చక్రవర్తి మీద 1848లో హంగేరియన్లు ప్రాణాలొడ్డి పోరాడారు. మా భాష, మా సభ, మా దేశం అన్నారు. ఓడిపోయారు, ఉరికంబాలెక్కారు. చివరికి 1867లో చక్రవర్తి దిగొచ్చి సామ్రాజ్యంలో సగం భాగస్వామ్యం ఇచ్చాడు. ఆ సగంలో వాళ్ళ కింద స్లోవాకులు, రుమేనియన్లు ఉన్నారు. పదేళ్ళు గడవలేదు, స్లోవాకుల హైస్కూళ్ళు మూయించారు. 1875లో వాళ్ళ సాంస్కృతిక సంస్థ మాటిసా స్లోవెన్‌స్కాను మూసేశారు. 1907లో బడిపిల్లలందరి మీదా హంగేరియన్ రుద్దే చట్టం తెచ్చారు. అదే ఏడాది చెర్నోవా అనే ఊళ్ళో స్లోవాక్ జనం చందాలేసుకుని చర్చి కట్టుకుని, మా ఊళ్ళో పుట్టిన ఫాదరే వచ్చి ప్రారంభించాలి అన్నందుకు పోలీసులు కాల్చారు. 15 మంది చనిపోయారు. వియన్నా తమకు చేసింది ఏమిటో ఒక్కటీ మర్చిపోని హంగేరియన్ పెద్దలకు, తాము స్లోవాకులకు చేస్తున్నది కనబడలేదు. 1918లో ఆ జనం అందరూ విడిపోయి తమ దారి తాము చూసుకున్నారు.

మరి మన కొండల మాట? 1839లోనే ఇంగ్లీషు ప్రభుత్వం ఒక చట్టం చేసి గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు పాలన నుంచి విడదీసి, ఏజెంటు అనే ప్రత్యేక అధికారి చేతికిచ్చింది. ఆ తర్వాత అడవి చట్టాలొచ్చాయి. 1882 మద్రాసు అడవి చట్టంతో రిజర్వు గీత గీసి, గీత లోపల పోడు కొట్టడం తప్పన్నారు. చింతపండు, అడ్డాకు, కరక్కాయ తెచ్చుకునే మనిషి తన కొండ మీదే అనుమతి అడగాలి. మైదానంలో మనకు ఉప్పు నేరమైనట్టే, కొండ మీద సవర, జాతాపు గిరిజనులకు పోడు నేరమైంది. తేడా ఒక్కటే. 1947 తర్వాత ఉప్పు నేరం కాకుండా పోయింది. పోడు నేరంగానే మిగిలింది. గార్డు మారాడు, కేసు మారలేదు. 1959లో, 1970లో గిరిజనుల భూమి ఇతరుల పాలు కాకుండా కట్టుదిట్టమైన చట్టాలు రావాల్సి వచ్చిందంటే, ఆ భూమి అప్పటికే ఎలా చేతులు మారిందో అర్థం చేసుకోండి. అప్పిచ్చి, కల్లు పోసి, వేలిముద్ర వేయించి తీసుకున్నది లండన్ నుంచి వచ్చినవాళ్ళు కాదు. మన తెలుగు షావుకార్లు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర, మొండెంఖల్లు సభకు వెళ్తున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే ఇద్దరు చనిపోయారు. స్వతంత్రం వచ్చి ఇరవై ఏళ్ళకు. ఆ తర్వాత ఈ జిల్లాలో రెండు మూడేళ్ళు ఎంత నెత్తురు పారిందో ఈ సభలో చూసినవాళ్ళే ఉన్నారు. ఆ పోరాటం పద్ధతి మీద మనలో రకరకాల అభిప్రాయాలున్నాయి, ఉండొచ్చు. దాని మూలం మాత్రం గున్నమ్మ కట్టె దగ్గరే ఉంది. అడవి హక్కుల చట్టం 2006లో వచ్చింది. అంటే అడవి మీది జనానికి వాళ్ళ నేల మీద హక్కు ఉందని రాతపూర్వకంగా ఒప్పుకోవడానికి మన స్వతంత్ర దేశానికి 59 ఏళ్ళు పట్టింది.

భాష దగ్గరా ఇంతే. గిడుగు రామమూర్తిగారు మనవాడు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టాడు. ఆ రోజును తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, దండలు వేస్తాం. వాడుక భాష కోసం ఆయన పోరాటం గొప్పది, ఇవాళ నేనిలా మాట్లాడితే మీరు దాన్ని ఇలాగే అచ్చు వేసుకోగలుగుతున్నారంటే ఆ పుణ్యం ఆయనదే. కానీ తెలుగు ఉద్యమం కంటే ముందే ఆయన మొదలుపెట్టిన పని సవర భాష. పర్లాకిమిడి బడిలో మాస్టారుగా ఉంటూ, తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. కొండలెక్కి తిరిగాడు, మన్యం జ్వరం పట్టుకుంది, క్వినైన్ మింగీ మింగీ చెవుడొచ్చింది. సొంత డబ్బుతో సవర పిల్లలకు వాళ్ళ భాషలో బడి పెట్టాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. అప్పటికి ఆయనకు 75 ఏళ్ళు. తెలుగువాడు తన భాషకు న్యాయం అడిగేటప్పుడే పక్క కొండ మీది భాషకూ అదే న్యాయం అడిగాడు. జాతీయ నాయకులు అని మనం పిలిచేవాళ్ళలో ఎంతమందికి ఈ చూపు ఉంది?

1936 సంవత్సరాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. ఒడియావాళ్ళకు అది న్యాయంగా దక్కిన విజయం. మూడు నాలుగు ప్రాంతాల కింద చీలిపోయి, ప్రతిచోటా తక్కువ సంఖ్యలో మిగిలిపోయిన జనం వాళ్ళు. పర్లాకిమిడి అటు పోయింది. తెలుగువాళ్ళకు గాయమైంది, గిడుగువారు నిరసనగా ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఒడియా పక్షం, తెలుగు పక్షం జనాభా లెక్కలు పట్టుకుని ఎన్ని వాదనలు చేసుకున్నాయో. ఆ రెండు పక్షాల మధ్య ఉన్న కొండల్లో సవరలున్నారు. లెక్కలకు పనికొచ్చారు గానీ, తమ తరఫున మాట్లాడే చోటు వాళ్ళకు దక్కలేదు. సరిగ్గా ఆ 1936లోనే మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు సొంత లిపి తయారు చేశాడు. సోరాంగ్ సోంపెంగ్ అంటారు. తెలుగు లిపీ వద్దు, ఒడియా లిపీ వద్దు, రోమన్ అక్షరమూ వద్దు అని. ఒక కొండ ఊరి మనిషి, ప్రెస్సు లేకుండా, ప్రభుత్వం లేకుండా చేసిన పని. లిథువేనియా గురించి చదివి కళ్ళు చెమర్చిన మనం, బస్సెక్కితే రెండు మూడు గంటల్లో చేరే చోట జరిగిన దీన్ని ఏ పాఠ్యపుస్తకంలో చదువుకున్నాం? ఇది కూడా జాతి మేలుకోవడమే కదా?

2004 ప్రాంతంలో మన రాష్ట్రంలో సవర, కువి, కోయ లాంటి భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు మొదలయ్యాయి. మంచి పని. దాన్ని నిలబెట్టుకోవడం, ఆ భాష వచ్చిన మాస్టార్లను వేయించుకోవడం మన అందరి పూచీ. గిరిజన సంక్షేమ శాఖ ఒక్కదానిదే అనుకుంటే కుదరదు.

ఈ సభ పెద్దలకు నాదొక విన్నపం. ఆగస్టు 29న ఇదే హాల్లో మీరు గిడుగువారి జయంతి చేస్తారు. ఈసారి వేదిక మీద తెలుగు పండితులతో పాటు సీతంపేట, భామిని వైపు నుంచి సవర మాస్టార్లను కూర్చోబెట్టండి. గెస్టుగా పిలిచి శాలువా కప్పి పంపేయడం కాదు, గంటసేపు మాట్లాడనివ్వండి. సవరలోనే మాట్లాడమనండి. మనకు అర్థం కాకపోతే పక్కన ఒకరు తెలుగులో చెప్తారు. పోడు కేసుల గురించి, బళ్ళ గురించి, వాళ్ళ పిల్లల గురించి వాళ్ళు ఏం చెప్పదలుచుకుంటే అది చెప్పనివ్వండి. మన మీద ఫిర్యాదు అయినా సరే. రానుపోను బస్సు ఖర్చులు నేను పెట్టుకుంటాను, ఆ సంగతి కార్యదర్శిగారితో ముందే మాట్లాడాను. తేదీ ఇవాళే ఖాయం చేయండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.